పోచమ్మ మూల

నా ఉద్యోగం ఏమిటని అమ్మ అడిగిన ప్రతిసారీ నేను వేరే సమాధానం చెప్పాను. మొదట సర్వే అన్నాను. నన్ను ఊరి భూముల లెక్కలు రాసే తలాఠీ అనుకొని వాడంతా చెప్పుకొన్నది. తరువాత నూనె మిల్లుల కాగితాలు చూస్తానన్నాను. గుమస్తా అనుకొని ఆ సంతోషం కొంత తగ్గించుకొన్నది. చివరికి ఒకనాడు ఉన్నమాట చెప్పాను. ఇతరుల చేన్ల గట్ల వెంట ఫోను పట్టుకొని నడుస్తాను, నేను నడిచిన దారి ఫోనులో గీతగా పడుతుంది.

"గీ నడుసుడుకు బీయెస్సీ ఎందుకురా?" అన్నది అమ్మ. "మీ నాయిన సదువకుండనే నడిసిండు గదా."

నాన్న మర్ఖేల్ చుట్టుపక్కల చేన్లలో జీవితమంతా కూలికి నడిచారు. ఆ గట్లలో ఒక్కటీ మాది కాదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. మరాఠీ బడిలో చదివి, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను గనుక, ఏ మాటనైనా ఒకటికి రెండుసార్లు చూసుకొని రాయడం నాకు అలవాటు. ఉద్యోగంలో కూడా ఆ అలవాటే నన్ను కాపాడుతుందని నమ్మేవాణ్ని.

యూరప్ దేశాలు ఒక నియమం చేశాయి. ఫలానా సంవత్సరం తరువాత అడవి కొట్టి చదును చేసిన నేలలో పండిన సోయా గింజ గానీ, నూనె తీసిన తరువాత మిగిలే సోయా చెక్క గానీ తమ దేశాలకు రాకూడదన్నది దాని సారాంశం. ప్రతి బస్తా ఏ చేనులో పండిందో చూపవలసిన బాధ్యత అమ్మే కంపెనీది. నాందేడ్‌లోని మా ఆఫీసు ఆ పనిలో మిల్లులకు సహాయం చేస్తుంది. అమలు తేదీ రెండుసార్లు వాయిదా పడింది. ప్రతిసారీ ముందు ఉరుకులు పెట్టాము. వాయిదా పడ్డాక ఫారం మారింది. మారిన ఫారంతో పాత చేన్ల చుట్టూ మళ్లీ నడిచాము. చిన్న చేనుకు ఒక్క బిందువు గుర్తిస్తే చాలునని నియమంలోనే ఉంది. కొనేవారు మాత్రం గీతే కావాలన్నారు. ఎందుకని అడిగే స్థాయి నాది కాదు. మూడో సంవత్సరం వచ్చేసరికి అడగాలన్న కోరిక కూడా అరిగిపోయింది.

సర్ఖని దగ్గరి ఆ చేను నా జాబితాలో చివరి వాటిలో ఒకటి. రెండెకరాలు. భూమిలేని వాళ్లకు సర్కారు పంచినప్పుడు తన మామగారికి వచ్చినదని ఆ చేను యజమానురాలు చెప్పింది. ఆమెకు మా అమ్మ వయసు ఉంటుంది. చేను నడుమనే గుడిసె. గుడిసె ముందు మంచం మీద భర్త. ఆయన నెలన్నర కింద నాందేడ్‌లోని పెద్దాసుపత్రి నుంచి వచ్చాడు. ఎముకల మీద చొక్కా ఆరవేసినట్టు ఉన్నాడు. చేనుకు ఒక వైపు రోడ్డు, మరొక వైపు టేకు అడవి.

నేను నియమం వివరించాను. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకొని, శ్రద్ధగా విని, అడవి వైపు చెయ్యి చూపింది.

"టేకు కొట్టినోళ్లు లారీలల్ల ఏసుకొని పోయిండ్రు సారు. ఆళ్లను ఎవ్వలడగలే. సోయా ఏసినందుకు నన్ను అడుగుతున్నరా?"

"నిన్ను అనుమానించుడు కాదు పెద్దమ్మా. నువ్వు కొట్టలేదని రాసుడే."

"కొట్టలేదని గుడ రాస్తరా!" అని మంచం మీది నుంచి భర్త నవ్వాడు. "అట్లయితే నా పేరు రాయుండ్రి. నేను జిందగీల శానా పనులు చెయ్యలే."

మేమిద్దరం గట్టు వెంట బయలుదేరాము. ఆమె ముందు, ఫోనుతో నేను వెనుక. చేను కుడిచేతి వైపు ఉండేటట్టు నడిచాము. చేనులో లక్ష్మి ఉంటుంది గనుక అలాగే తిరగాలన్నది. అడవి వైపు మూల దగ్గర, గట్టుకు అవతల, ఇప్పచెట్టు కింద పోచమ్మ ఉంది. పసుపు పూసిన మూడు రాళ్లు. గట్టు మీదనే మలుపు తిరిగితే అమ్మవారు ఎడమచేతికి పడుతుంది. ఆమె చెప్పులు విడిచి, గట్టు దిగి, తల్లిని కుడివైపు ఉంచుకొని వెనుక నుంచి చుట్టి వచ్చింది. వెనుక ముళ్లపొద ఉన్నందున ఆ చుట్టు ఇంకా పెద్దదైంది. నేనూ చెప్పులు విడిచి ఆమె వెనుకే నడిచాను. అమ్మ చిన్నప్పటి నుంచి నేర్పిన పని. నా కాళ్లు నన్ను అడగకుండానే చేశాయి. ఫోను చేతిలో గీత గీస్తూనే ఉన్నదన్న సంగతి నాకు తట్టలేదు.

మూడో రోజు ఆఫీసులో ఆ చేను ఎర్రగా కనిపించింది. ఆకుపచ్చ అడవిలోకి ఒక నాలుక చాచినట్టు గీత చొచ్చుకొని పోయింది. కింద మిషను తనంతట తాను రాసిన మాట: అటవీ భూమితో అతివ్యాప్తి.

పుణెలో ఉండే మా సీనియర్‌కు ఫోను చేశాను. ఆయన ఓపికగా మరాఠీలో చెప్పారు. గీతను కంప్యూటర్‌లో చేతితో సవరించడానికి వీలులేదు. శనివారం సాయంత్రం జాబితా మూసివేస్తారు. ఆలోగా యజమాని ఎదుట మళ్లీ నడిచి, నాలుగు మూలలా ఆమె ఫొటో తీసి పంపకపోతే ఆమె పేరు కొట్టివేస్తారు, ఈ పంటను మా మిల్లులు కొనవు. మొదటి గీత తప్పు ఎందుకైందో కూడా గుర్తు పెట్టాలి. ఫారంలో మూడు కారణాలు ఇచ్చారు: పరికర దోషం, రైతు హద్దు తప్పు చూపడం, నడిచినవారి దోషం. రెండోది పెట్టెయ్, అందరూ అదే పెడతారు, అన్నారాయన. నడిచినవారి దోషం నా పేరు మీద అప్పటికే రెండు ఉన్నాయి. మూడోసారి కూడా పడితే పనికి నేను పనికొస్తానో లేదో మళ్లీ చూస్తారు.

శుక్రవారం పొద్దున కిన్వట్ బస్సులో కూర్చున్నప్పుడు ఆ రెండో కారణం పెట్టాలన్నదే నా ఆలోచన. దాచవలసిన అవసరం లేదు. అలసిపోయిన మనిషికి అందుబాటులో ఉన్న కారణమే నిజంలాగా కనిపిస్తుంది.

గీత అచ్చు తీసిన కాగితం చూపించగానే ఆమె ముఖంలో రంగు మారింది. చదువు రాదు గానీ ఎరుపు ఏమిటో తెలుసు.

"గీ కాగితం అడివోళ్ల ఆఫీసుకు పోతదా?"

"పోదనే నాకు చెప్పిండ్రు."

"నీకు చెప్పిండ్రు. ఆళ్లకు ఎవరు చెప్పిండ్రు?" ఆమె గొంతు తగ్గింది. "సాత్‌బారా కాగితం మీద మా మామ పేరు ఎక్కిచ్చెతందుకు ఎన్ని యేండ్లు తిరిగినమో ఎరికేనా సారు? ఇప్పుడు అడివిల జొర్రిండ్రని రాస్తే, ఉన్న రెండెకరాలు గుడ అడుగుతరు."

పంట జాబితా కంటె ఆమెకు అదే పెద్ద భయమని అప్పుడు అర్థమైంది. భూమి కాగితంలో పేరు ఎక్కించుకోవడానికి ఒక తరం నడిచింది. ఆ పేరు పక్కన ఎర్ర గీత నేను తెచ్చి పెట్టాను.

మళ్లీ నడుద్దామన్నాను. ఈసారి మూల దగ్గర గట్టు మీది నుంచి దిగకూడదు.

"తల్లిని ఎడమ చేతికి వెట్టుకొని పోవుడా? నాతోని కాదు."

బస్సులో కాగితం మీద గీసుకొన్న ఉపాయం చెప్పాను. ఇటు నుంచి కాక అటు నుంచి మొదలుపెడితే, గట్టు దిగకుండానే పోచమ్మ కుడిచేతికి వస్తుంది. చేను మాత్రం ఎడమచేతికి ఉంటుంది.

ఆమె నన్ను చూసిన చూపు నేను మరచిపోలేదు.

"ఉల్టా తిరుగుడు ఏడనో ఎరికేనా నీకు? ఆయన నడుమల పండుకొని ఉన్నడు. సుట్టూ నువ్వు ఉల్టా తిరుగుతవా?"

ఎరుకే. చితి చుట్టూ అలా తిరుగుతారు. భుజం మీద కుండతో నాన్న చుట్టూ మూడుసార్లు తిరిగింది నేనే. చదువుకొన్నవాణ్నని బస్సులో బొమ్మ గీసుకొన్నప్పుడు అది గుర్తుకు రాలేదు. ఇక వెళ్లిపోదామని సంచి భుజానికి తగిలించుకొన్నాను.

"ఏం లొల్లి?" అన్నాడు మంచం మీది నుంచి ఆయన. సంగతి విని కాసేపు నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. "నన్ను తీసుకపొయ్యేటోనికి ఫోన్ల గీత అక్కెర లేదు తియ్యే. తొవ్వ ఎరికే ఉంటది."

"నీ నోట్ల మన్ను వడ, సప్పుడు చెయ్యకు!"

"చెయ్య గానీ, నేను నడుమల ఉంటెనే గద నీ రంది? నన్ను సడక్ మీద కూసోవెట్టుండ్రి. వట్టి చేను సుట్టూ ఎటు తిరుగుతె ఏంది?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని చాలాసేపు ఆలోచించింది. తరువాత ఒక్కొక్క మాటే చెప్పింది. ఆయన రోడ్డు మీద కూర్చోవాలి. తాను మూలల్లో ఫొటోకు నిలబడుతుంది గానీ నడవదు. ఉల్టా చుట్టు నేనే తిరగాలి. తిరిగినంతా విప్పడానికి, ఆయన లోపలికి రాకముందే, చేను కుడిచేతికి ఉండేటట్టు, తల్లిని కూడా కలుపుకొని ఒక సుల్టా చుట్టు తిరగాలి.

"అది గుడ నువ్వే. కట్టినోడే ఇప్పాలె."

ఆయన నా భుజం పట్టుకొని రోడ్డు దాకా నడిచాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అంత దూరం నడవడం అదే మొదటిసారి అట. బరువేమీ లేదు. రాయి మీద కూర్చొని, "బీడీ ఉన్నదా?" అని నా చెవిలో అడిగాడు. లేదన్నాను. "సదువుకున్నోళ్లతోని గిదే కష్టం" అన్నాడు.

మొదటి చుట్టు పొరపాటు లేకుండా చేశాను. వాన పడిన నల్లరేగడి. అడుగుకొక చెప్పు మందం మట్టి అంటుకొంటున్నది. ఒక్కో మూలలో ఆమె బిగుసుకొని నిలబడింది, గుర్తింపు కార్డు ఫొటోలో లాగా. పోచమ్మ మూలలో మాత్రం కెమెరా వైపు కాక రాళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది. మళ్లీ తీద్దామని అడగలేదు. నాలుగో మూల చేరి నమోదు ముగించాక ఫోను సంచిలో పెట్టాను.

రెండో చుట్టుకు వెనక్కి తిరిగి బయలుదేరాను. ఎవరికీ పంపవలసిన చుట్టు కాదు. మోకాళ్లు లాగుతున్నాయి, మధ్యాహ్నపు బస్సు దాటిపోతుందని తెలుసు. ఆమె రోడ్డు మీద భర్త పక్కన నిలబడి నా ప్రతి మలుపూ చూస్తున్నది. ఇప్పచెట్టు దగ్గర చెప్పులు విడిచి, గట్టు దిగి, ముళ్లపొద వెనుక నుంచి మొదటి రోజు నడిచిన దారినే నడిచాను. అడవిలోకి అన్నే అడుగులు పడ్డాయి. మూడేళ్లలో నేను నడిచిన గట్లన్నింటిలో, చేను యజమాని చెప్పిన పని కోసం నడిచింది ఇదొక్కటే.

నేను వచ్చాక ఆమె ఆయన కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసి లోపలికి తీసుకొని పోయింది. నా కాళ్ల మీద కూడా పోసింది. "పో బిడ్డా" అన్నది. అప్పటిదాకా ఆమెకు నేను సారునే.

శనివారం ఆ చేను ఆకుపచ్చగా మారింది. కారణాల పెట్టె తెరుచుకొన్నది. పాత గీత ఎక్కడికీ పోదు. కొత్త గీత కింద, నేను పెట్టిన కారణంతో సహా, అక్కడే ఉంటుంది. ఎవరైనా ఎప్పుడైనా తెరిచి చదవవచ్చు. రైతు హద్దు తప్పు చూపారని రాస్తే, అడవిని తన హద్దుగా చూపిన మనిషి అవుతుంది ఆమె. మూడోది పెట్టాను: నడిచినవారి దోషం. వివరానికి ఇచ్చిన ఖాళీలో ఏమి రాయాలో చాలాసేపు తెలియలేదు. చివరికి, హద్దు రైతు సరిగానే చూపారు, నేను గట్టు దిగాను, అని రాశాను. సోమవారానికి మూడు రోజుల శిక్షణ తరగతికి రమ్మని నాకు ఉత్తరం వచ్చింది.

ఆమెకు ఫోను చేసి పేరు నిలిచిందని చెప్పాను. ఎర్ర కాగితం ఏమైందని అడిగింది. అది ఉంటుంది, కానీ తప్పు నాదని దాని మీద రాసి ఉంటుందన్నాను.

"ఆయన రాత్రి అన్నం తిన్నడు" అన్నది ఆమె. "మల్లొచ్చే యేడు గుడ గిట్ల నడవాల్నా?"

"ఆళ్లు అడిగితే నడవాలె పెద్దమ్మా."

"నువ్వే వస్తవా?"

చెప్పలేనన్నాను.

"ఎవలొచ్చినా రెండు సుట్లు అని చెప్పు" అని ఫోను పెట్టేసింది.

ఆ చేను పక్కన, తదుపరి వారికి సూచన అన్న గడిలో, ఆ మాట రాసి ఉంచాను.