పేపరు ముక్క పట్టిన గిన్నె

ఆగిరిపల్లి తోటల్లో కాయ కోసే సవరయ్యకి ఒకటే పిచ్చి. పాత గ్రైండరు మోటారుతో లేతు మిషను కట్టుకుని, పని లేని రోజున మామిడి చెక్క తిప్పి గిన్నెలు తీస్తాడు. ఇంట్లో కూరకి కరువుగానీ గిన్నెలకి లేదని పెళ్ళాం దుర్గ తెగ మురిసిపోతా ఉంటది.

తోట యజమాని ప్రభాకరరావుగారికీ అదే పిచ్చి, కాకపోతే డబ్బున్న పిచ్చి. చెక్కని పట్టుకునే నాలుగు దవడల చక్కు ఆన్‌లైన్‌లో తెప్పించారు. దాని మర ఆయన మిషనుకి ఎక్కలేదు. ఇప్పుడది టీపాయి మీద కరెంటు బిల్లులు ఎగరకుండా కాపలా కాస్తంది.

నిరుడు గాలివానకి పడ్డ పెద్దరసం మామిడిచెట్టు మొద్దుని రేపు ఇటుకబట్టీ ట్రాక్టరు పట్టుకుపోద్దంటే సవరయ్య ఆగలేకపోయాడు.

“అది నాకిప్పించండి. బట్టీలో పెట్టే చెక్క కాదండి.”

“చక్కన్నా లేనోడివి, చెక్కని దేంతో పట్టి ఉంచుతావురా?” నవ్వారు రావుగారు. “సరే, దాని కొమ్మతో రేపు నా కళ్ళముందు గిన్నె తియ్యి. ఎగరకుండా నిలబడితే మొద్దు నీది. ఎగిరిందా, బట్టీకే.”

సవరయ్య ఎండిన కొమ్మ ముక్కని సాపు చేశాడు. మోటారుకున్న ఇనప పళ్ళేనికి పనికిరాని చెక్కొకటి స్క్రూలతో బిగించి, దానికీ కొమ్మ ముక్కకీ మధ్యలో కాయల బుట్టల్లో పరిచే పాత పేపరు పెట్టి, జిగురుతో అతికించాడు. పైన రుబ్బురోలు పొత్రం బరువెట్టాడు. ఉత్త జిగురైతే చెక్క ఊడి చావదు. పేపరుంటే, పనయ్యాక అక్కడే చీలిద్ది.

“పేపరు పట్టుకుంటదా చెక్కని? తాళి కట్టించుకుని నేనే నిన్ను పట్టుకోలేకపోతన్నా,” అంది దుర్గ.

పొద్దున రావుగారు కాయల ట్రేల చాటున నిలబడి చూశారు. పొట్టు ఎగిరింది, గిన్నె ఎగరలేదు. చివర్న ఉలి పెట్టి ఒక్కటేస్తే టక్కున చేతికొచ్చింది.

“ఇంతేనా కిటుకు?”

“అంతేనండి.”

రావుగారు గిన్నెనోసారి, బట్టీ ట్రాక్టరు మీదికెక్కించిన మొద్దునోసారి చూశారు. “ఒరే డ్రైవరూ, మొద్దు మా షెడ్డుకి తోలు. నేనూ తిప్పుతా.”

“నాదన్నారు కదండి?”

“నీదేరా. మా షెడ్డులో ఉంటది.”

దుర్గ మూతి తిప్పింది. “మనకి రాకుండా పోటానికి దానికెన్ని దార్లో!”

సవరయ్య తల గోక్కున్నాడు. “మంచిదండి. లోపలింకా పచ్చిగుంది, జిగురు పట్టదు. బద్దలు కోసి, నీడనెట్టి, వారం వారం తిరగెయ్యాలి. ఏడాది పైనే. తమరే చూసుకుంటారాండి?”

రావుగారు తన అరిచేతులకేసి చూసుకున్నారు. జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి సవరయ్య చేతిలో పెట్టారు.

సవరయ్య దాన్ని మొలతాడుకి ముడేసుకుని, ట్రాక్టరెక్కి మొద్దు పక్కన కూర్చున్నాడు.