తవిటమ్మకు నేను చదివిన ఉత్తరం

ఇరవై రెండేళ్లుగా ఒక ఉత్తరం మోస్తున్నాను. అది నా పేరున వచ్చింది కాదు, నా దగ్గరా లేదు. బరువు మాత్రం నాది. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర నేను జోకులే వేస్తాను.

ఈ బెంగాలీ ఊళ్లో, వాట్‌గంజ్‌లో మా లైనులో ముప్పై గడపలు. అందరూ సిక్కోలు వైపు నుంచి ఓడరేవు డాకుల్లో పనికి వచ్చినవాళ్లే. బి.ఎ. చదివింది నేనొక్కణ్ణే. ఆ చదువు వల్ల నాకు ఒరిగిందేమిటంటే, పోస్ట్‌మాన్ దాదా లైను ఉత్తరాలన్నీ నా గడపలోనే పడేసి పోయేవాడు. నేను పేర్లు చదివితే, ఎవరిది వాళ్లు అందుకుని నా అరుగు ముందు నిలబడేవారు. నేను చదివి, తెలుగులో చెప్పి, మడిచి ఇచ్చేవాణ్ణి. నేను ఏం చెబితే ఆ ఉత్తరంలో అదే ఉన్నట్టు. ఎవరూ ఇంకొకరికి చూపించుకోలేదు. ఎందుకు చూపించుకుంటారు?

తవిటమ్మది మా పక్క గది. మొగుడు జెట్టీలో బస్తా మీద పడి నడుం పోగొట్టుకున్నాక, ఆమె ఇడ్లీలు వండి, అల్యూమినియం డేగిసా నెత్తిన పెట్టుకుని డాకు గేటు దగ్గర అమ్మేది. వానొస్తే చెంగు ఇడ్లీలకి కప్పి తను తడిసేది. గేటు పక్కనే ఒక రేకుల కొట్టు ఉండేది. అందులో టీ కాచే బిహారీ ముసలాయన ఇక ఊరికి వెళ్లిపోదామనుకుంటూ, బ్యాంకు జవాబు వచ్చేదాకా కొట్టు నీకోసం ఆపుతాను బేటీ అన్నాడు. స్వయం ఉపాధి లోనుకి ఆమె దరఖాస్తు నేనే నింపాను. అదే మధ్యాహ్నం, అదే కలంతో నాదీ నింపుకున్నాను. నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టాలని ఉండేది. నా దరఖాస్తులో ఇంగ్లీషు చాలా బాగుంది. ఆమె దాంట్లో వేలిముద్ర ఉంది.

జవాబు ముందు నాకొచ్చింది. లోను ఇవ్వలేమని, అందుకు విచారిస్తున్నామని అన్నారు. సంగతి లైనంతా తెలిసింది. నాలుగు రోజులు అదే పనిగా చదివితే కామాలతో సహా కంఠతా వచ్చేసింది. ఐదో రోజు ఆమెది వచ్చింది. ఆ రోజు బంద్ అయినా బాగుండేది. కావలసిన రోజున ఈ ఊళ్లో బంద్ ఉండదు.

ఆమెకి మంజూరైంది. పదిహేను రోజుల్లోగా బ్యాంకుకి వచ్చి కాగితాలు పూర్తి చేయమన్నారు.

చేతులకంటిన పిండి చీరకి తుడుచుకుంటూ నా ఎదురుగా నిలబడింది.

"ఏటి రాసినారు, బావూ?"

నేను ఆమె కాగితం వైపు చూస్తూ నా ఉత్తరం చదివాను. ఒక్క ముక్క కల్పించలేదు. ప్రతి మాటా బ్యాంకువాళ్లదే. "మీ దరఖాస్తును మంజూరు చేయలేకపోతున్నందుకు విచారిస్తున్నాము" అన్నాను.

"'మీరు' అన్నారేటి నన్ను?"

"అన్నారు."

"ఇచారమని కూడా రాసినారా? నేదన్నదీ ఆలే, ఇచారమూ ఆలకేనా?"

"అలా రాయడం రివాజు, అప్పా."

నవ్వింది. "బియ్యే సదివినోడివి, నీకే నేదన్నారు. నాకిత్తారేటి! నువ్వేటీ మనసులో ఎట్టుకోకు బావూ. నీ రాతలో తప్పేటీ నేదు."

నన్ను ఓదార్చింది. చూడండి, నన్ను.

ఎందుకు చేశాను? ఆమె కిస్తీలు కట్టలేక చిక్కుల్లో పడేదని, కొట్టు కార్పొరేషన్‌వాళ్లు పీకేసేవారని, ఒక విధంగా నేను ఆమెను కాపాడానని ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ, అదేమిటో, వాదన నాకే బాగా నచ్చేది. అసూయ అందామా? అది పెద్ద మాట. నాకున్నది అంతకంటే చిన్నది. వేలిముద్ర మనిషికి కొట్టు వచ్చి, నాకు రాకపోతే, ఆ అరుగు మీద నేనెవరిని?

అయినా చదవడం ఒక్క నిమిషం పని. మనిషన్నాక నిమిషం తప్పుతాడు. నా అసలు తప్పు ఆ తర్వాతి పదిహేను రోజులది. దరఖాస్తు రాసిపెట్టానన్న విశ్వాసంతో ఆమె రోజూ పొద్దున్నే నాకు ఇడ్లీలు పంపేది. రేపు చెబుదాం, కళ్లద్దాలు మార్చాలి అప్పా, తప్పు చదివాను అందాం, అనుకుంటూ తినేవాణ్ణి. నిజానికి తిరిగి రావడానికి అంత చిన్న అబద్ధం చాలు. అదీ ఆడలేదు. ఆరో రోజున తనే ముసలాయన దగ్గరికి వెళ్లి, నాకోసం ఆపొద్దు, కొట్టు ఎవరికైనా ఇచ్చుకో అని చెప్పి వచ్చింది. గడువు దాటిన పదహారో రోజున ఇడ్లీ గొంతులో కాస్త సులువుగా దిగింది. ఇదంతా మొదలుపెట్టింది ఆ ఒక్క వాక్యం చెప్పడానికే.

డేగిసా మోసి మోసి ఆమె మెడ పట్టేసింది. తర్వాత నాలుగిళ్లలో అంట్లు తోమింది. తల్లి లేని మనవరాలిని నాలుగో తరగతితో మాన్పించి వెంట తీసుకెళ్లింది. బెంగాలీ బడి; అప్పట్లో చిన్న తరగతుల్లో ఇంగ్లీషు తీసేశారు. ఊళ్లో చదువుకున్నవాళ్లంతా గగ్గోలు పెట్టారు. నేను మాత్రం లోలోపల సంతోషించాను. ఎందుకంటే బ్యాంకు ఇంగ్లీషులో రాసిన ఆ ఉత్తరం వాళ్ల రేకు పెట్టెలో, రేషన్ కార్డుతో పాటు, ఇప్పటికీ ఉంది. బ్యాంకువాళ్లు తనను 'మీరు' అని రాసిన కాగితమని ఆమె దాచుకుంది.

ఇది తెలుగులో రాస్తున్నాను. తవిటమ్మకి ఏ అక్షరమూ రాదు. మనవరాలికి తెలుగు మాటొచ్చు, చదవడం రాదు. అది తెలిసే రాస్తున్నానా? తెలిసే. ఒప్పుకోవడానికి కూడా ప్రమాదం లేని లిపి చూసుకున్నాను.

మీతో చెప్పాక కాస్త ఊపిరి ఆడుతోంది. అంతకు మించి నేనేమీ అడగను. కానీ ఇది అచ్చయి, ఇందులో వాట్‌గంజ్ పేరుందని ఎవరైనా ఆమె చేతిలో పెడితే, కర్ర పట్టుకుని తిన్నగా నా అరుగు దగ్గరికే వస్తుంది. ఇంకెక్కడికి వెళ్తుంది? కాగితం నాకందించి, "ఏటి రాసినారు, బావూ?" అంటుంది.

అప్పుడేం చదువుతానో నాకు తెలీదు.