బస్తాల గది కార్డులు

సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో అందరూ అతన్ని ‘టకటక’ అనేవారు. గేటు పక్క గదిలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల హాజరు రాసే గుమాస్తా అతను. చేతిలో పని లేకపోతే బల్ల మీదో, మోకాలి మీదో, చివరికి టిఫిన్ డబ్బా మూత మీదో వేళ్లతో టైపు కొడుతూ ఉండేవాడు.

ఆ వేళ్లకు నిజమైన మీటలు దొరికింది ఇంట్లో. సొంతానికి కంప్యూటరు కొనుక్కోవచ్చని జనం అప్పుడప్పుడే వింటున్న రోజులవి. ఊరు మొత్తానికి అలాంటివి మూడో నాలుగో ఉండేవి. లావుపాటి పుస్తకమంత నల్ల పెట్టె, దాని మీద వరసగా రబ్బరు మీటలు, అంతే. తెర కావాలంటే టీవీకి తగిలించాలి. రాసింది దాచుకోవాలంటే టేపు రికార్డరుకు తగిలించాలి. అందులో పట్టేది ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటోలో వందో వంతు కూడా ఉండదు. అయినా మొదటి రోజు అది తెర మీద తన పేరు రాసి చూపిస్తే, అతనికి ఒళ్లు జలదరించింది.

“అందరి మొగుళ్లూ సాయంత్రం ఇంటికొచ్చి టీవీ చూస్తారు. మా ఆయన మాత్రం టీవీకి వైర్లు గుచ్చి దాని నోరు మూయిస్తాడు” అనేది భార్య, వచ్చినవాళ్లందరి ముందూ. “సవతి వచ్చినా ఇంతకంటే నయం. కనీసం వంటింట్లో సాయం చేసేది.”

పత్రికల్లో అచ్చయిన ప్రోగ్రాములు చూసి కొట్టడంతో మొదలుపెట్టాడు. మూడు పేజీలు కొట్టాక ఎక్కడో ఒక కామా పడకపోతే ఏదీ నడవదు. ఆ కామా కోసం ఆదివారమంతా వెతికేవాడు. వీధి చివర రేడియో మెకానిక్ దగ్గరా అలాంటి పెట్టే ఒకటుండేది. ఇద్దరూ క్యాసెట్లు మార్చుకునేవారు. ప్రోగ్రాము ఎక్కేటప్పుడు క్యాసెట్టు కీచుమని అరిచేది. ఆ అరుపు విని, అది సరిగ్గా ఎక్కుతోందో లేదో మెకానిక్ కళ్లు మూసుకుని చెప్పేవాడు.

ఏడాది తిరిగేసరికి ఆటలు మొహం మొత్తాయి. పేర్లను, అంకెలను వరసలో పెట్టే ప్రోగ్రాము ఒకటి సొంతంగా రాశాడు. దానికి మేత కావాలి. గేటు గదిలో మూలనున్న రేకు పెట్టెలో, పని వదిలి వెళ్లినవాళ్ల కార్డులు నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. ఒక్కో కార్డు మీద పేరు, పుట్టిన సంవత్సరం, పని చేసిన గది, వెళ్లిన తేదీ, వెళ్లడానికి కారణం. కారణానికి ఒక అంకె వేసేవారు: ఒకటంటే రిటైరయ్యాడు, రెండంటే తనే మానేశాడు, మూడంటే జబ్బు.

మేనేజరును అడిగితే ఆయన నవ్వాడు. “తీసుకెళ్లవయ్యా. మన ఫ్యాక్టరీ కూడా నీ పుణ్యమా అని కంప్యూటర్ల కాలంలోకి వస్తుంది.”

రోజుకు ఇరవై కార్డుల చొప్పున ఇంటికి తెచ్చి ఎక్కించాడు. అన్నీ ఒకేసారి పట్టవు కాబట్టి, గదికొక క్యాసెట్టు పెట్టుకున్నాడు. అచ్చుల గది, ఆరబెట్టే గది, లోడింగు, బస్తాల గది. బస్తాల గదికి, రేకుల్లో సిమెంటుతో కలిపే రాతినార పొడి గోనె బస్తాల్లో వచ్చేది. వాటిని కోసి, గుమ్మరించి, దులపడం అక్కడి పని. అక్కడ పనిచేసేవాళ్లు బయటికొస్తుంటే పిండి మరలోంచి వచ్చినట్టుండేవారు. పందొమ్మిదేళ్ల వయసులో అతను కూడా ఎనిమిది నెలలు అక్కడ చేశాడు. చేతిరాత బాగుందని గేటుకు మార్చారు. ఇప్పుడు అతని భార్యకు అన్నయ్య, అంటే బావ, పదకొండేళ్లుగా అదే గదిలో ఉన్నాడు.

ఏ గదిలో మనుషులు సగటున ఏ వయసులో పని వదిలారో చెప్పమని యంత్రాన్ని అడిగాడు. అచ్చుల గది యాభై ఆరు. ఆరబెట్టే గది యాభై ఏడు. లోడింగు యాభై అయిదు. బస్తాల గది నలభై మూడు.

‘ఎక్కడో తప్పు కొట్టాను’ అనుకున్నాడు. అలా అనుకోవడం హాయిగా కూడా ఉంది. ప్రోగ్రాములో తప్పులు వెతకడం అతనికి అలవాటైన పనే కదా. వరస వరసా చూశాడు. తప్పు దొరకలేదు. కాగితం మీద పెన్సిలుతో లెక్క వేశాడు. నలభై మూడే వచ్చింది. అప్పుడు కారణాలు తెర మీదికి తెమ్మన్నాడు. మిగతా గదుల్లో అంకెలు కలగాపులగంగా ఉన్నాయి. బస్తాల గది క్యాసెట్టు ఎక్కిస్తే టీవీ పైనుంచి కిందిదాకా మూళ్లు దిగాయి. మూడు, మూడు, మూడు, రెండు, మూడు, మూడు. ఒకటి మాత్రం ఎక్కడా లేదు. ఆ గది నుంచి రిటైరైనవాడు ఒక్కడూ లేడు.

వంటింట్లోంచి వచ్చిన భార్య తెర చూసి, “ఇదేం ఆట?” అంది.

అతను టీవీ కట్టేశాడు.

మర్నాడు సాయంత్రం బావ వచ్చాడు. మేడ మెట్లు పద్నాలుగు. ఏడో మెట్టు దగ్గర ఆగి, రెయిలింగు పట్టుకుని, ఎవరినో చూస్తున్నట్టు వీధిలోకి చూశాడు. వీధిలో ఎవరూ లేరు. ఇదివరకు ఆ మెట్లు రెండేసి చొప్పున దూకి వచ్చే మనిషి.

“బావా, ఆ గది మారిపోరాదూ?” అన్నాడు టకటక.

“ఎందుకు మారాలి? మమ్మల్ని అందరికంటే గంట ముందు వదిలేస్తారు. పైగా రోజూ గ్లాసుడు పాలు. ఇంకే గదివాళ్లకి పోస్తున్నార్రా పాలు?”

“మీకే ఎందుకు పోస్తున్నట్టు?”

బావ నవ్వబోయాడు. దగ్గు అడ్డమొచ్చింది. అది తగ్గేదాకా ఇద్దరూ ఆగారు. “నాకేం తెలుసు? పోస్తున్నారు, తాగుతున్నాం” అన్నాడు.

ఆ పాలు ఎవరో ఆలోచించి పోయిస్తున్నవని అప్పుడు తట్టింది టకటకకు. ఆ గది సంగతి ఎవరికో ఎప్పట్నుంచో తెలుసు.

అయినా మేనేజరు దగ్గరికే వెళ్లాడు. ఇంకెక్కడికి వెళ్లాలో తెలియదు. లెక్క వేసిన కాగితం బల్ల మీద పెట్టాడు. మేనేజరు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఇది నిజమా అని అడగలేదు.

“ఇలాంటి కాగితాలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?” అన్నాడు.

పన్నెండేళ్లుగా ‘నువ్వు’ అన్న మనిషి ఆ వేళ ‘మీరు’ అన్నాడు.

“ఇదొక్కటేనండి. మిగతాది క్యాసెట్లలో ఉంది.”

“క్యాసెట్లు ఇంట్లోనే ఉన్నాయా?”

“ఉన్నాయండి.”

“మంచిది. వెళ్లి పని చూసుకోండి.”

గేటు గదికి తిరిగొచ్చేసరికి మూలన రేకు పెట్టె లేదు. అది ఇన్నేళ్లూ ఉన్నచోట నేల మాత్రం నలుచదరంగా, కొత్తగా మెరుస్తోంది. సాయంత్రం ఇంటికెళ్తే భార్య గుమ్మంలోనే ఎదురైంది.

“మీ ఆఫీసువాళ్లని ఇద్దరొచ్చారు. కంప్యూటరు చూస్తామన్నారు. మర్యాదగానే మాట్లాడారు, మంచినీళ్లు కూడా ఇచ్చాను. తీరా వెళ్లేటప్పుడు క్యాసెట్లన్నీ సంచిలో వేసుకున్నారు. నా పాటల క్యాసెట్లు కూడా! ఇంతకీ మీరు ఏం చేసొచ్చారు?”

అప్పుడు చెప్పాడు ఆమెకు. ఆమె అంతా వింది. తర్వాత ఒక్కటే అడిగింది. “మా అన్నయ్య అంకె ఏది?”

“ఆయన కార్డు ఇంకా ఆ పెట్టెలోకి రాలేదు.”

“రానివ్వకండి” అంది.

ఒక క్యాసెట్టు బయట ఉంది. బస్తాల గది లెక్క నమ్మలేక, మెకానిక్ యంత్రంలోనూ అదే వస్తుందేమో చూడమని టకటక అంతకుముందే అతనికి నకలు ఇచ్చాడు. అతని టేపు రికార్డరులో ఎక్కక అది సొరుగులోనే పడి ఉంది. ఆదివారం మధ్యాహ్నం దుకాణం తలుపులు దగ్గరగా వేసుకుని ఇద్దరూ కూర్చున్నారు. మూడుసార్లు పెడితే మూడుసార్లూ తప్పు అని చూపించింది. మెకానిక్ చిన్న స్క్రూడ్రైవరు తీసి, టేపు రికార్డరు లోపలి మర వెంట్రుకవాసి తిప్పుతూ, కళ్లు మూసుకుని ఆ కీచుదనం విన్నాడు. “ఇంకాస్త... ఆఁ. గొంతు ఇప్పుడు తేటపడింది.”

తెర మీద పేర్లు దిగాయి.

మెకానిక్ వేలు రెండు పేర్ల దగ్గర ఆగింది. “వీళ్లిద్దరూ మా వీధే. సిగరెట్ల వల్ల పోయారనుకున్నాం.” టకటక వైపు తిరిగి అన్నాడు, “నువ్వు కూడా చేశావుగా అక్కడ?”

“ఎనిమిది నెలలే.”

మెకానిక్ కాగితాలూ పెన్నూ అతని ముందుకు తోశాడు.

అచ్చు వేసే యంత్రం లేదు కాబట్టి టకటక చేత్తోనే మొత్తం కాగితాల మీద రాసుకున్నాడు. సోమవారం, బస్తాల గదివాళ్లు అందరికంటే గంట ముందు బయటికొచ్చే వేళ, గేటు దగ్గర నిలబడి చదివాడు. పేరు, పని వదిలినప్పటి వయసు, అంకె. పేరు, వయసు, అంకె. పద్నాలుగు మంది తలల మీద తెల్ల దుమ్ముతో అలాగే నిలబడిపోయారు. సగంలో ఒకడు “చాలు, ఆపు” అన్నాడు. బావ మాత్రం, “కానీ బావా, చివరిదాకా చదువు” అన్నాడు.

మర్నాడు ఆ గదిలో ఒక్క బస్తా కూడా తెగలేదు. ఆ మర్నాడు మిగతా గదులూ ఆగాయి. పందొమ్మిది రోజుల తర్వాత బస్తాల గదికి తాళం పడింది. అప్పట్నుంచి పొడి తడిపిన ముద్దగా, మూసిన పీపాల్లో వచ్చేది. తప్పు జరిగిందని ఎవరూ ఒప్పుకోలేదు. రేకు పెట్టె మళ్లీ కనిపించలేదు. రెండు నెలలకు గేటు దగ్గర హాజరు కొట్టే యంత్రం పెట్టి, గుమాస్తా అక్కర్లేదని టకటకను పంపించేశారు. అతను మెకానిక్ దుకాణంలోనే చేరి, ముప్పై ఏళ్లు జనం కంప్యూటర్లు బాగుచేస్తూ గడిపాడు.

బావ ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. చివరి ఏడాది పడుకుంటే ఊపిరాడక, కుర్చీలో కూర్చునే నిద్రపోయేవాడు. ఆ పద్నాలుగు మందిలో అరవై దాటింది ఇద్దరే.

ఇప్పుడు టకటకకు డెబ్బై దగ్గరపడింది. పాత కంప్యూటర్లంటే సరదా ఉన్న కుర్రకారు వెతుక్కుంటూ వస్తారు, ఆ రోజుల్లో ఏ ఆటలు ఆడేవారని అడుగుతారు. అతను ఓపిగ్గా అన్నీ చెబుతాడు. కామాల కథలు చెప్పి నవ్విస్తాడు. కార్డుల సంగతి మాత్రం అడిగితేనే చెబుతాడు.

ఏటా ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటాడు. ఎప్పుడూ డాక్టరమ్మ ఫిల్ము వెలుతుర్లో పెట్టి, అలా చూసి, “వచ్చే ఏడు రండి” అనేది. ఈసారి చాలాసేపు చూసింది. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

“మీరు దుమ్ములో ఎన్నాళ్లు పనిచేశారన్నారు?”

“ఎనిమిది నెలలు.”

“మూడు నెలలకి ఒకసారి రండి” అంది.

బయట బెంచీ మీద భార్య ఎదురుచూస్తోంది. “ఏమన్నారు?” అని లేచింది.

“ఏముంది, మామూలే. వచ్చే ఏడు రమ్మన్నారు” అన్నాడు అతను.

ఆమె అతని మొహంలోకి చూసింది. ఫిల్ము ఉన్న కవరు కోసం చెయ్యి చాచింది.