పట్టికని సూడకు, నీ సేతిని సూడు

మేమంతా పెద్దమ్మ వరసన దొడ్డ అని పిలిచే ఎదురింటావిడ పోయింది. ఆదివారం ప్రార్థనకు బయల్దేరుతూ గుమ్మంలోనే కూలబడిపోయిందని అమ్మ ఫోన్ చేసింది. నేను విశాఖ నుంచి పలాస చేరేసరికి శవపెట్టె మూసేశారు.

దొడ్డ బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. సాయంత్రాలు వరండాలో ట్యూషన్. మా వీధి ఆడపిల్లలకు ఇంటి దగ్గర జీడిపప్పు పొట్టు తీసే పని తప్పదు కాబట్టి, ఆ పనితోపాటే రమ్మనేది. పుస్తకం తెరవనిచ్చేది కాదు. ఒళ్లో చేట, తీసినవి ఒక కుప్ప, తీయాల్సినవి ఒక కుప్ప, చేతిలో ఒక పప్పు. అంతే.

టెక్కలిలో డిగ్రీ చదివిన నాకు ఇంగ్లీషు వ్యాకరణంలోని పన్నెండు కాలాల పట్టిక కంఠతా వచ్చు. అయినా మొదటి ఇంటర్వ్యూలో, ఈ మధ్య ఏం చేస్తున్నావని ఇంగ్లీషులో అడిగితే, ఏ కాలం వాడాలో వెతుక్కుంటూ నోరు తెరవలేకపోయాను. ఏడుస్తూ వచ్చిన నా చేతికి దొడ్డ చేట ఇచ్చింది. గుప్పెడు పప్పులు వలిచాక అడిగింది.

“ఏటి సేసినావో ఇంగ్లీసులో సెప్పు.”

“ఐ హేవ్ ఫినిష్డ్,” అన్నాను గొప్పగా.

నా కుప్పలోంచి ఒక పప్పు తీసి వెలుతురుకి పట్టింది. “ఇదేటే? ఈ మూల పొట్టు అలాగే ఉంది. పనవ్వకుండా అయిపోనాదంతావేటి? ఇది ఇంగ్లీసు తప్పు కాదే, అబద్ధం!”

“అక్కది డిగ్రీ పొట్టు దొడ్డా, ఓ పట్టాన ఊడదు!” అందో పిల్ల. వరండా అంతా నవ్వు. నేనూ నవ్వాను.

“పట్టికని సూడకు, నీ సేతిని సూడు,” అనేది దొడ్డ. పని అయిందా, అవుతోందా, ఇంకా మొదలే పెట్టలేదా, అది కళ్లారా చూస్తే మాట దారి దొరుకుతుందని ఆమె నమ్మకం. తప్పు మాట్లాడితే ఏమీ అనేది కాదు. మాట్లాడకపోతే మాత్రం టీ ఇచ్చేది కాదు! తర్వాతి ఇంటర్వ్యూలో నేను తడబడుతూనే మాట్లాడాను. ఉద్యోగం వచ్చింది.

సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం, ఎవరూ పిలవకుండానే పిల్లలు చేటలతో దొడ్డ వరండాలోకి వచ్చి కూర్చున్నారు. వాళ్లలో ఒకమ్మాయికి వచ్చేవారం నర్సింగు సీటుకి ఇంటర్వ్యూ. దొడ్డ ఎన్ని టీలు ఆపినా నోరు విప్పని పిల్ల.

“అక్కా, దొడ్డ లేదు కదా. నానేటి సేయాలి?”

మర్నాడే నా రైలు. ఒక్కచోట కుదురుగా ఉండలేని నేను, చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చున్నాను.

“వారం దాకా నానుంతాను. నువ్వు సెప్పు.”

ఆమె తన చేతికేసి చూసుకుంది. ఇప్పుడేం చేస్తోందో, పొద్దున్న వాళ్లమ్మ ఏం వండిందో ఇంగ్లీషులో మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. రెండుచోట్ల తప్పు మాట్లాడింది. ఆగలేదు. కూతుర్ని అన్నానికి పిలవడానికొచ్చిన తల్లి మెట్టు మీదే నిలబడిపోయింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మధ్యలో పిలవలేదు.