వంకర గీత ఫోల్డరు

నిన్న మధ్యాహ్నం, హిందీవాళ్ళ మధ్య మేముండే సిద్ధగోరాలో మా అక్క మనవరాలు ల్యాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టి, పేరుకు బదులు ఒక్క వంకర గీత ఉన్న ఫోల్డరును చూపించి, "చిన్నమ్మమ్మా, యే అప్నే ఆప్ ఆ గయా, డిలీట్ కర్ దూఁ?" అని, అంటే దానంతటదే వచ్చింది తీసెయ్యనా అని అడుగుతూ, ఆ గీతే కొట్టబోయేసరికి దాని చెయ్యి పట్టేసుకున్నాను.

కంప్యూటర్లతో వేగిన నా ఈడువాళ్ళకు ఆ గీత తెలిసే ఉంటుంది, టిల్డా అంటాం. ఎవరు కొడితే వాళ్ళ సొంత ఫోల్డరుకు అది పొట్టిపేరు. కానీ ప్రోగ్రాములో ఊరికే రాసేస్తే దానికి ఆ సంగతి తెలియక, గీతనే పేరుగా పెట్టి కొత్త ఫోల్డరు తెరిచేస్తుంది. నాకు కాంట్రాక్టు కంపెనీలో ఉద్యోగం వేయించిన మా బావ, అంటే అక్క మొగుడు, సరిగ్గా ఈ పొరపాటే చేశాడు. దిద్దమంటే దిద్దేవాడా ఆ మహానుభావుడు! ప్రోగ్రాము తనంతట తాను తయారుచేసిన హాజరు రిపోర్టును రోజూ పొద్దున్నే ఆ గీత ఫోల్డరులోంచి తీసి, తన ఫోల్డరులో సర్దుకుని, టీకి పోయేవాడు.

జ్వరంతో ఆయన హఠాత్తుగా పోయాక, సర్దేవాళ్ళు లేక ఆ ఫోల్డరు నిండసాగింది. మేం ఆఫీసు తాళం తీసేసరికి కొత్త రిపోర్టు, పైన తయారుచేసినవారు అంటూ బావ పేరు. కారణం తెలిసీ నేను ముందు ఆ పేరే చూసేదాన్ని. ఆయనింకా డ్యూటీకి వస్తున్నాడని మిగతావాళ్ళు గుసగుసలాడుకునేవారు.

కొత్త మైకు పరీక్షిస్తూ బావ తన పసికూతురిని పిలిచిన పిలుపొకటి కంప్యూటరులో మిగిలింది. ఆయన గొంతు లోకంలో ఉన్నది అక్కడే. దాన్ని నా ఫోల్డరులో దాచాను. శనివారం వచ్చి పిల్లకు వినిపిస్తానని అక్క భుయ్యాడీహ్ నుంచి కబురు పెట్టింది. ఆ శనివారం నేను భోజనానికి లేచినప్పుడు, గుసగుసలతో విసిగిపోయిన మా పై అధికారి నా కుర్చీలో కూర్చుని, వంకర గీత ఫోల్డరును తీసెయ్యడానికి ఆ గీతే కొట్టాడు. నా పేరుతో తెరిచి ఉన్న కంప్యూటరు, ఆ గీతంటే నా సొంత ఫోల్డరనుకుని, అందులో ఉన్నదంతా ఊడ్చేసింది. ఇంకో కాపీ తీసిపెట్టే అలవాటు ఆ రోజుల్లో ఎవరికుంది! అసలు గీత ఫోల్డరు మాత్రం చెక్కుచెదరలేదు.

సాయంత్రం పిల్లనెత్తుకుని వచ్చిన అక్క, సంగతి విని ఏడవలేదు. "పోతే పోనీయే. రోజూ వత్తన్నాడని అంటన్నారు కదేటి, ఆ వచ్చిందేటో సూపించు" అంది. చూపించాను. తెర మీద బావ పేరుపై పిల్ల చేత చెయ్యి వేయించింది. ఏడ్చింది నేనే. మర్నాడు ఆదివారం, ఆఫీసుకు సెలవు. అయినా సోమవారం తలుపు తీస్తే ఆదివారం రిపోర్టు సిద్ధంగా ఉంది. హాజరైనవాళ్ళు ఒక్కరూ లేరు, పైన బావ పేరు తప్ప.

ఆనాటి పసిపిల్లే ఈ మనవరాలి తల్లి. ఇక్కడున్న ఫోల్డరునే తీయాలని కంప్యూటరుకు తెలిసేలా, గీత ముందు ఒక చుక్క, ఒక ఏటవాలు గీటు పెట్టించి తీయించి, ఈ కథంతా చెప్పాను. ఫోను నిండా ఎవరెవరివో గొంతులు దాచుకుని ఒక్కటీ వినని ఈ కాలపు పిల్ల, తాతయ్య గొంతు ఎలా ఉండేదని అడిగింది. నా చెవిలో ఆ పిలుపు ఇప్పటికీ ఉంది. అలాగే పిలిచి వినిపిద్దామని నోరు తెరిస్తే, వచ్చింది నా గొంతే.