నక్క పెళ్ళికిచ్చిన ఏడుపు

మా చైలియన్ అక్క ఏడుపు అందుకుంటే కొండ అవతలి ఊళ్ళో కూడా ఆడవాళ్ళు పని ఆపి వినేవారు. గొప్పకి చెప్పడం లేదు. చైనా కొండల్లో ఉండే మా తుజియా తెగవాళ్ళలో పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళే ముందు ఏడవాలి, తల్లి ఎదురు ఏడవాలి. ఉత్త కన్నీళ్ళు కాదు, మాటలు కట్టి రాగం తీసి ఏడవాలి. రాని పిల్లని మొద్దు కింద జమకట్టేవాళ్ళం. నా పెళ్ళికి నేను రెండు మాటలు ఏడ్చేసరికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఇప్పటికీ మా ఆడపడుచు దెప్పుతూనే ఉంటుంది.

మా లోయలో ఆరుబయట పెద్ద నృత్యనాటకం పెడతామని పట్నం నుంచి పాటలు కట్టే ఆయన వచ్చాడు. నక్కపిల్ల మనిషి రూపమెత్తి కట్టెలు కొట్టేవాణ్ణి పెళ్ళాడే పాత కథ. పెళ్ళి ఘట్టానికి నిజమైన ఏడుపు కావాలని ఊరి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టాడు. మేమంతా నలుగురికీ తెలిసినవే ఏడ్చాం. అక్కకి ఊరుకోబుద్ధి కాలేదు. తన పెళ్ళినాడు తల్లి ఏడ్చిన ఏడుపు, ఆ ఇంట్లో తప్ప ఎక్కడా వినపడనిది, మొదలంటా ఏడ్చి ఇచ్చేసింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అక్క మురిసిపోయింది.

అక్క తల్లి, ముసలమ్మ, అప్పటికి బతికే ఉంది. మంచంలోంచే తిట్టిపోసింది.

"ఒసే తిక్కదానా, అది నీ కూతురికి దాచాల్సింది. పోయి నక్కకిచ్చొస్తావా?"

"ఇస్తే అరిగిపోద్దా ఏంటమ్మా? పాటేగా!" అని నవ్వేసింది అక్క.

తొమ్మిదేళ్ళు నాటకం ఆడే ఆ కొండ రాతిమెట్ల మీద, వానొస్తే ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని, నక్కపిల్ల కోసం ఏడ్చాం. అక్క పక్కన నేను. డాన్సు మాస్టరు చెప్పిన లెక్కకి చెయ్యెత్తాలి, నాలుగో అడుగుకి కుప్పకూలాలి. ఏడుపు మధ్యలోనే రేపటి కూర సంగతి మాట్లాడుకునేవాళ్ళం.

ఇంతలో అక్క ఒక్కగానొక్క కూతురు యూహెకి పెళ్ళి కుదిరింది. ఈ రోజుల్లో చాలామంది ఏడవడానికి కూలికి మనిషిని పిలుస్తున్నారు. యూహె ఒప్పుకోలేదు.

"అమ్మా, నాకు కూలి ఏడుపొద్దు. అమ్మమ్మ నీకేడ్చిందే, అదే ఏడువు. నీ ఒళ్ళో తల పెట్టుకుని వింటా," అంది.

ఆ నెలంతా అక్కకి అదే ధ్యాస. పొయ్యి మీద పొగకి వేలాడదీసిన పందిమాంసం కోస్తున్నా పెదాలు కదులుతూనే ఉండేవి.

పెళ్ళినాడు పొద్దున్నే పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టి ఏడుపు ఎత్తుకుంది. బాగానే ఏడ్చింది, నాలాగా కాదు. అక్క గొంతు విప్పింది. మొదటి చరణం అయిందో లేదో, గుమ్మం దగ్గరి కుర్రకారు గొంతు కలిపారు. లోయలో పెరిగినవాళ్ళు, నాటకంలో పాట ఎవరికి రాదు? ఒకడు లెక్క తప్పకుండా నాలుగో అడుగుకి కుప్పకూలాడు కూడా. ఫోన్లు లేచాయి.

"నక్కమ్మ పెళ్ళిరోయ్!" అని ఈలలు.

యూహె తలెత్తి చూసింది. పెదాలు బిగబట్టింది. ఆపుకోలేక, పాపం, ఫక్కున నవ్వేసింది. వెంటనే తల్లి మొహం చూసి హడలిపోయింది.

"అమ్మా, కావాలని కాదమ్మా! ఇంకోటి ఏడువు. ఏదైనా సరే ఏడువు."

అక్క నోరు తెరిచింది. ఇంకోటి రాలేదు. బయట మగపెళ్ళివారి కారు హారను కొడుతూనే ఉంది. వదినలు పిల్లని లేవదీసి తీసుకెళ్ళిపోయారు. నాకు ఆ కుర్రాళ్ళ చెంపలు వాయగొట్టాలనిపించింది, కానీ వాళ్ళ తప్పేముంది?

వద్దన్నా వినకుండా ఆ సాయంత్రం అక్క నాటకానికి వచ్చింది. పెళ్ళి ఘట్టంలో మాత్రం పెదవి విప్పలేదు. ఎవరూ గమనించలేదు. పాటలన్నీ ముందే రికార్డు చేసి పెట్టినవి, మేం గొంతు కలుపుతామంతే. కొండ మీది స్పీకర్లలో తొమ్మిదేళ్ళ కిందటి అక్క గొంతు ఏడుస్తోంది, ఇంకా బొంగురుపోని గొంతు. జనం చప్పట్లు కొట్టారు. నేను వరస తప్పి నిజంగానే ఏడ్చి, మాస్టరు చేత చీవాట్లు తిన్నాను.

బట్టలు మార్చుకునే చోట పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఇక్కడెవరూ లేరు. ఒక్కసారి ఏడ్చెయ్యి, గుండె తేలికపడుద్ది."

అక్క నా వంక చూసింది.

"ఏం పెట్టి ఏడవనే, సుయింగ్?"