కోటేశ్వరమ్మక్క చీర అంచు

ఈ పొద్దున నకరికల్లు అవతల పొలం గట్టు దిగేసరికి చీర అంచు చీలమండలను గరగరా గీరింది. వంగి చూస్తే అంచు నిండా అంటుకున్న ఉత్తరేణి గింజలు. కోటేశ్వరమ్మక్క గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆవిడ మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. నోరు పెద్దది, అంగలు అంతకంటే పెద్దవి. రోడ్డున రమ్మంటే వినేది కాదు, చేలకు అడ్డం పడి వచ్చేది. అందుకే ఆవిడ చీర కింద జానెడు మేర ఎప్పుడూ ఈ గింజలే.

మా వాడికి పదో నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. తాగిన నీళ్లు తాగినట్టే పోతున్నాయని పాలూ నీళ్లూ నేనే మాన్పించాను. మా అత్త కూడా అదే మంచిదంది. మర్నాటికి వాడి కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. అప్పుడొచ్చింది అక్క. వస్తూనే ఓఆర్ఎస్ కలిపి చెంచాతో పట్టబోతే ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. తిట్టలేదు, అదే వింత. చెంబెడు నీళ్లు తన చీర అంచు మీదే గుమ్మరించుకుంది. ఒక్క గింజ ఊడలేదు.

“చూశావటే? నీ బిడ్డ పేగులో పురుగూ ఇంతే. కంటికి కనపడదు, ఒంటినిండా సన్న నూగు. ఆ నూగుతో పేగు గోడను కరుచుకొని విషం కక్కుద్ది. ఆ విషానికి పేగే నీళ్లు వదులుద్ది. నువ్వు నీళ్లు మాన్పిస్తే ఎండేది పురుగు కాదే, నీ బిడ్డ.”

నా చెయ్యి దానంతటదే వదిలేసింది. మరి అది ఎప్పుడు ఊడుతుందని అడిగాను. పేగు లోపలి పొర నాలుగైదు రోజుల్లో రాలి కొత్తది వస్తుందట, పాతదాంతో పాటు పురుగూ పోతుందట. అందాకా పోయిన నీళ్లు మనం పోస్తూనే ఉండాలనీ, చనుపాలు అసలే ఆపకూడదనీ చెప్పింది. మధ్యాహ్నానికి తేరుకోకపోతే నరసరావుపేట ఆస్పత్రికని వాకిట్లో ఆటో కూడా నిలబెట్టించింది.

చెంచా తర్వాత చెంచా నేనే పట్టాను. పన్నెండు దాటాక మా వాడు ఆవిడ ఒళ్లోనే చీరంతా తడిపేశాడు. అప్పుడు అక్క మొహం చూడాలి.

“ఒంటికి పోశాడే. ఒంట్లో నీళ్లు నిలిచినయ్, ఇంకేం భయంలా.”

ఆ తడి చీరతోనే వెళ్లి ఆటోను పంపేసింది. నేను గోడకు ఆనుకొని హాయిగా ఏడ్చాను.

తర్వాత నన్ను ఆశా కార్యకర్తగా చేర్పించిందీ ఆవిడే. ఈ పొద్దున నేను వెళ్లిందీ విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డ ఇంటికే. తల్లేమో పాలు మాన్పించి, బిడ్డను భుజాన వేసుకొని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. నేను గట్టు మీద గింజలు ఏరిపారేయలేదు. అంచు అలాగే ఉంచుకొని గడప దాటాను.

“ముందు చెంబెడు నీళ్లు తేమ్మా,” అన్నాను.